మేడగది కిటికీ

వీడియో గేములు ఆడతానని చెప్పుకుంటాను గానీ నాకు అవి గొప్పగా రావు. తుపాకులు పేల్చే ఆటల్లో శత్రువు ఎటునుంచి వచ్చాడో తెలిసేలోపే చచ్చిపోతాను. కార్ల పందెంలో నా కారు గోడను గుద్దుకుని అక్కడే తిరుగుతూ ఉంటుంది. నా ఉద్యోగం చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో. రోజంతా పుస్తకాలు సర్ది, బస్సులో చింతామణికి తిరిగొచ్చేసరికి చేతుల్లో అంత చురుకు మిగలదు. అందుకే నాకు కుదిరిన ఆట ఒకటే. చదరపు దిమ్మెలు పేర్చి ఇళ్ళు కట్టుకునే ఆట. అందులో ఎవరినీ గెలవక్కర్లేదు. మట్టి తవ్వుకోవచ్చు, చెట్టు కొట్టుకోవచ్చు, గోడ లేపుకోవచ్చు. ఈ ఆదివారం కట్టిన గోడ వచ్చే ఆదివారం దాకా అక్కడే ఉంటుంది.

అలవాటయ్యాక బయట కూడా అదే ధ్యాస. టమాటా మార్కెట్ ముందు బస్సు ఆగితే, పేర్చిన ట్రేలలో పై వరుసకు ఒకటి తక్కువైందని మనసు పీకేది. అమ్మకు చెబితే నవ్వేది.

పోయిన చలికాలం ఆ ఆటలో మా పాత ఇల్లు కట్టడం మొదలుపెట్టాను. చింతామణి బజారులో ముందు కిరాణా అంగడి, దాని వెనక మేముండే ఇల్లు, అంగడి పైన ఒకే ఒక్క మేడగది. నేను హైస్కూల్లో ఉండగా రోడ్డు వెడల్పు చేస్తూ ముందు భాగం కొట్టేశారు. మిగిలింది నిలవదని మేమే పడగొట్టించాం. ఇప్పుడు నాన్న అంగడి అద్దె గదిలో, మా కాపురం ఊరి చివర కొత్తింట్లో. పాత ఇంటికి ఫోటో అంటూ లేదు. పెళ్ళి ఫోటోల్లో మనుషుల వెనక ఒక స్తంభమో, తలుపు రెక్కో కనిపిస్తాయి, అంతే. కాబట్టి గుర్తున్నంత కట్టుకుంటూ పోయాను.

మేడగది విషయంలో నాకు గుర్తున్నది చాలా తక్కువ. ఊహ తెలిసినప్పటి నుంచి అది ఖాళీ గోనెసంచులు పడేసే చీకటి గది. అయినా వీధి వైపు గోడ కడుతూ ఒక కిటికీ పెట్టాను, నిలువు ఊచలతో, నేలకు ఆనుకుని. ఎందుకు పెడుతున్నానో ఆలోచించలేదు. అలా ఉంటేనే ఆ గోడ సరిగ్గా ఉన్నట్టనిపించింది.

నాన్నకు అక్క, నాకు పెద్దత్త, బాగేపల్లిలో ఉంటుంది. అప్పుడప్పుడు కైవారం గుడికి వెళ్తూ మా ఇంట్లో దిగుతుంది. అలా వచ్చిన ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నా పక్కకు కుర్చీ లాక్కుంది.

"ఏం చేస్తాండావప్పా?"

"మన బజారు ఇల్లు కడతాండా అత్తా."

అద్దాలు పెట్టుకుని చూసింది. ముందు నవ్వుకుంది, తరువాత తప్పులు పట్టడం మొదలుపెట్టింది. "మెట్లు ఇట్ల లేవు, దొడ్డి తట్టుకు తిరగల్ల. పప్పు డబ్బాలు యాడ పెట్టినావు?" ఆమె చెప్పినట్టు మెట్లు విప్పి మళ్ళీ కట్టాను. కింది గదులన్నిటిలో దివిటీలు ఎందుకని అడిగింది. ఈ ఆటలో చీకటిగా వదిలేసిన చోట దయ్యాల్లాంటివి పుడతాయని చెప్పాను. "సరిపోయింది" అంది.

మెట్లెక్కి మేడగదిలోకి తీసుకెళ్ళాను. అత్త వేలితో వీధి వైపు గోడ చూపించింది.

"ఆ కిటికీ సంగతి నీకు ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదత్తా. ఊరికే పెట్టినా. లేదా అది?"

"ఉండె. నువ్వు అప్పుడప్పుడే అడుగులేస్తాంటివి. మీ తాత దాన్ని ఇటికెలు పెట్టి మూసేసినాడు." తెర దగ్గరికి వంగింది. "అంత కిందికే ఉండె. నేలమింద కూచుంటే బజారంతా కనపడేది."

వంటింట్లో అమ్మ గిన్నెలు తోముతూ ఆగింది. అత్త ఆ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పింది.

అత్తకూ నాన్నకూ ఒక చెల్లెలుండేది. నాన్న కంటే చిన్నది. ఈడొచ్చినప్పటి నుంచి మూర్ఛలు. వీధిలో పడిపోతే నలుగురూ చూస్తారని, మిగతావాళ్ళ సంబంధాలు చెడతాయని, తాత ఆమెను మేడగదిలో ఉంచాడు. గొళ్ళెం పెట్టలేదట. పెట్టాల్సిన అవసరమే రాలేదట. ఆమే దిగేది కాదు. అత్త పెళ్ళై బాగేపల్లికి వెళ్ళింది. నాన్న పెళ్ళి జరిగింది. నేను పుట్టాను.

"నిన్ను పైకి తీస్కపోయి ఆమె ఒళ్ళో పెట్టేది మీ అమ్మ. మీ తాతకు తెలీకుండా. ఆమె నిన్ను ఆ కిటికీ కాడ కూచోబెట్టుకుని బండ్లు చూపించేది. ఒకనాడు మధ్యాన్నం మూర్ఛ వచ్చింది. పక్కన ఎవురూ లేరు."

అంతకంటే వివరం చెప్పలేదు. ఇంట్లో పోయినవాళ్ళందరి ఫోటోలూ గోడకు ఉన్నాయి. ఆమెది లేదు. చిన్నత్త అనే మాట నేనెప్పుడూ వినలేదు.

"ఆ గదిలో కూడా ఒగటి పెట్టప్పా, దివిటీ. మీ తాత ఆ గదికి కరెంటే ఇయ్యలేదు."

పెట్టాను. గది పసుపుపచ్చగా వెలిగింది. అత్త అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, బస్సుకు వేళవుతోందని లేచింది.

ఆ తరువాత కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను. మొహం రాలేదు, గొంతు రాలేదు. చల్లటి ఇనుప ఊచ నుదుటికి ఆనినట్టు మాత్రం అనిపించేది. అది నిజంగా నా జ్ఞాపకమో, అత్త మాటలు విన్నాక పుట్టిందో చెప్పలేను. చేతులకు తెలిసిన సంగతి నాకు ఎందుకు తెలియలేదన్నదే నన్ను వదల్లేదు. బస్సులో కూర్చున్నా, లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు అంటిస్తున్నా, ఇంకా ఏమేం తెలిసి ఉంటాయో ఈ చేతులకు అని వాటివంక చూసుకునేవాణ్ణి.

ఆ ఆటలో ఊరిజనం కూడా ఉంటారు. ఎవరూ ఆడించకుండానే వాళ్ళంతట వాళ్ళు తిరుగుతారు, తలుపు కనిపిస్తే లోపలికి దూరతారు. ఒకరోజు ఇంటి ముందు గోధుమ నాటుతూ వెనక్కి తిరిగాను. మేడగది కిటికీలో ఎవరో నిలబడి కిందికి చూస్తున్నారు. అది ఆటలో బొమ్మ అని తెలుసు. మెట్లు కనిపించి ఎక్కి ఉంటుందని కూడా తెలుసు. పట్టపగలు, పక్కింట్లో మిక్సీ మోగుతోంది. అయినా లాప్‌టాప్ మూసేసి, వరండాలో అనపకాయలు వలుస్తున్న అమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"ఏమాయె?" అంది అమ్మ.

"ఏం లేదు" అన్నాను. ఒక గుప్పెడు కాయలు నా ముందుకు తోసింది. కాసేపటికి తనే, "నిన్ను ఎత్తుకుంటే దించేది కాదు. చేతులు నొప్పి పుడతాయంటే కూడా" అంది. నేను ఒక కాయ తీసుకుని వలవసాగాను.

ఆట జోలికి చాలా రోజులు పోలేదు. ఎండాకాలంలో ఒక ఆదివారం నాన్న అంగడి నుంచి భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుని, తిన్నగా నా గదిలోకి వచ్చాడు. ఆ గదిలోకి ఆయన రావడం అరుదు.

"మీ అత్త చెప్పింది. చూపీ, చూస్తాను."

చూపించాను. అంగడి, నడిమిల్లు, దొడ్డి. మేడగదిలోకి వెళ్ళబోతే వద్దన్నాడు.

"పైకి పోవద్దు. అంగడి ముందర నిలబడు."

నిలబడ్డాను. ఆయన నిదానంగా చెప్పాడు.

"నేను అంగడి ముందర అరుగుమింద కూచుంటాంటి కదా. పైనుంచి చింతగింజలు ఏసేది. నా తలమింద పడల్ల. పడితే నేను పైకి చూడల్ల. చూస్తే ఆమె గెలిచినట్టు. అది మా ఇద్దరి ఆట, చిన్నప్పటిది."

"ఎవురు గెలుస్తాంటిరి?"

"గింజ పడేది, ఊరికే పడేది. గురి బాగుండె. నేను పైకి చూస్తాన్లేదు. నేను చూస్తే గిరాకులు గూడా చూస్తారు కదా. పైన ఎవురుండారని అడుగుతారు కదా."

ఫ్యాను తిరుగుతోంది.

"ఇందులో తల పైకెత్తేది ఎట్లరా?"

మౌస్ ఆయన చేతికిచ్చి ఎటు జరపాలో చెప్పాను. ముందు నేల కనిపించింది, తరువాత ఎదుటి గోడ, తరువాత గభాలున ఆకాశం. మళ్ళీ కిందికి దించుకుంటూ వచ్చి కిటికీ దగ్గర ఆపాడు. అక్కడ ఎవరూ లేరు. వెనక దివిటీ వెలుగు మాత్రం ఉంది. అన్నం చల్లారిపోతోందని అమ్మ రెండోసారి పిలిచేదాకా ఆయన చెయ్యి కదపలేదు.

ఆ సంవత్సరం పెద్దల అమావాస్యకు పెద్దత్త బాగేపల్లి నుంచి వచ్చింది. పోయినవాళ్ళ పేర్లు నాన్న వరసగా చెబుతుంటే అమ్మ విస్తళ్ళలో వడ్డిస్తుంది, ఏటా ఇదే పద్ధతి. తాత పేరు, అవ్వ పేరు చెప్పి ఆగాడు. ఆగి, నేనెన్నడూ వినని ఒక ఆడమనిషి పేరు చెప్పాడు. మామూలు పేరే, మా వైపు వీధికొకరికి ఉండే పేరు. అమ్మ ముందే ఇంకో విస్తరి కడిగి పెట్టి ఉంచింది.

అన్నం వడ్డించి, పప్పు వేసి, చారు గిన్నె చేతిలోకి తీసుకుంది.

"దానికి చారు పోయొద్దమ్మా" అంది పెద్దత్త. "ఎప్పుడూ తినేది కాదు. మజ్జిగ పొయ్యి."