ఎనిమిదో గొంతు

మోకాళ్ళ డాక్టరు గట్టిగా చెప్పిన మీదట ఈ మధ్య నేను కూడా జిమ్ములో చేరాను. అరవై ఎనిమిదేళ్ళ వయసులో చీర పక్కనపెట్టి, పంజాబీ డ్రెస్సు వేసుకుని, కాళ్ళకి బూట్లు కట్టుకుని, చుట్టూ అద్దాలున్న గదిలో కుర్రపిల్లల మధ్య నిలబడితే మొదటి వారం నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. నేర్పే అమ్మాయి భిలాయిలోనే పుట్టిన పిల్ల. మొన్న నా చేతులకి రెండు డంబెల్సు ఇచ్చి, వెనక నిలబడి హిందీలో లెక్క పెట్టింది. "ఛే, సాత్" అని ఏడు దాకా వచ్చాక ఎవరో పిలిస్తే అటు తిరిగింది. తరవాతి అంకె రాలేదు. నేను చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉంచి ఆ అంకె కోసం నిలబడిపోయాను. ఆ పిల్ల తిరిగొచ్చి, "అరే ఆంటీ, దించండి, అయిపోయింది కదా" అంది. దించాను. కాని మెడ వెనక పట్టుకున్న చలి, ఇంటికొచ్చి కాఫీ తాగేదాకా వదల్లేదు.

ఆ చలి నాకు మొదటిసారి తెలిసింది డెబ్భైల చివర. నేను కాపరానికి వచ్చిన మరుసటి ఏడు మా మావయ్యగారు, అంటే మా ఆయన తండ్రి, భిలాయి ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. మా ఆయనకి కూడా ప్లాంటులోనే ఉద్యోగం కావడంతో అందరం ఒకే క్వార్టర్లో ఉండేవాళ్ళం. విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల నుంచి ఒకే ఏడు వచ్చి, ఒకే షిఫ్టులో పనిచేసి, ఏడాది తేడాలో రిటైరయిన ఎనిమిది మందిలో ఆయనొకరు. రిటైరయిన మూడో నెలకే ఆయనకి రక్తపోటు పెరిగింది. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు ఆయన్ని చూసి, "ఇన్నాళ్ళూ డ్యూటీ మిమ్మల్ని నడిపించింది. ఇకమీద మీ అంతట మీరే నడవాలి" అన్నాడట. మావయ్యగారు ఏ పనీ ఒంటరిగా చెయ్యరు. మర్నాడే మిగిలిన ఏడుగుర్నీ పోగుచేశారు.

మా క్వార్టర్ల వెనక మైదానం, మైదానం చివర ఒక రేకుల షెడ్డు ఉండేవి. ఆ షెడ్డుని అందరూ వ్యాయామశాల అనేవారు. లోపల ఎక్కడానికి ఒక తాడు, రెండు కమ్మీలు, తిప్పడానికి కర్ర గదలు, హథ్‌ఖోజ్ కార్ఖానాల్లో ఎవరో లేతు మిషను మీద పాత ఇనప షాఫ్టు ముక్కలతో చేసిచ్చిన డంబెల్సు ఉండేవి. ఒక జతలో ఎడమచేతిది కుడిచేతిదానికంటే పావుకిలో బరువు. ఆ జతతో చేసినవాళ్ళందరికీ ఒక భుజం కిందికి జారిందని మా అత్తగారి పరిశీలన. కుర్రవాళ్ళు ఆరున్నరకి వచ్చేవారు. వాళ్ళ కంట పడకుండా మా ముసలివాళ్ళు అయిదున్నరకే ఖాకీ నిక్కర్లు, బనీన్లు, పైన మఫ్లర్లతో హాజరయ్యేవారు. షెడ్డులోకి వెళ్ళేముందు బయట గడ్డిలో వరసగా నిలబడి, ఒక్కొక్కరూ తమ అంకె చెప్పేవారు. అది షిఫ్టు నాటి అలవాటు. మిల్లులోకి ఎంతమంది వెళ్ళారో, అంతమందీ బయటికొచ్చారో లేదో చూసుకోవడానికి ఫోర్‌మన్ అలా లెక్క తీసేవాడు. మావయ్యగారు "ఒకటి" అనేవారు. అందరికంటే పొట్టివాడైన బొబ్బిలి బాబాయిగారు ఆ చివర్న నిలబడి, ముక్కుతో సాగదీస్తూ "ఎనివిదీ" అనేవారు. కుళాయి నీళ్ళొచ్చే వేళ కూడా అదే కావడంతో పెరట్లో బిందె పెట్టుకుని నేను రోజూ ఆ వరస వినేదాన్ని.

ఒక వానాకాలం అలా గడిచింది. దసరా వెళ్ళగానే బొబ్బిలి బాబాయిగారు క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు బయల్దేరారు. చెప్పి వెళ్దామని మా ఇంటికొస్తే, ఊళ్ళో కూడా కసరత్తు మానకండి అన్నాను. "ఇరవయ్యేళ్ళు నిలబడే బతికేనమ్మా. ఇక కూకుంటాను" అన్నారు నవ్వుతూ. మావయ్యగారు నవ్వలేదు. ఆ మర్నాటి నుంచి లెక్క ఏడు దగ్గర ఆగిపోయేది. చివర ఉండే క్రేను మావయ్య, అంటే ప్లాంటులో క్రేను నడిపిన ఆయన, "ఏడు" అనేసి అందరికంటే ముందు షెడ్డులో దూరేవాడు.

డిసెంబరులో పొగమంచు మొదలైంది. ఆ మంచులో ప్లాంటు వైపు ఆకాశం మాత్రం ఎర్రగా ఉండేది. మనుషులు కనిపించేవారు కాదు, గొంతులే వచ్చేవి. ఒకరోజు నేను బిందె ఎత్తబోతుండగా ఏడు తరవాత కొంచెం ఆగి, ముక్కుతో సాగదీసిన "ఎనివిదీ" వినిపించింది. బాబాయిగారు తిరిగొచ్చేశారు కాబోలని సంతోషపడి, ఒక గ్లాసుడు పాలు అదనంగా కాచాను. మావయ్యగారు ఇంటికొచ్చి కూర్చున్నాక, "బాబాయిగారిని కూడా తీసుకురాకపోయారా?" అన్నాను.

నోటిదాకా వెళ్ళిన గ్లాసు అక్కడే ఆగింది. "నువ్వూ విన్నావేటమ్మా?" అన్నారాయన నెమ్మదిగా.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మొదట్లో ఒకర్నొకరు అనుమానించుకున్నారు. క్రేను మావయ్యే వేళాకోళం చేస్తున్నాడని అతని నోట్లో తువ్వాలు కుక్కి, ఏడో అంకె కూడా మావయ్యగారే పలికారు. అయినా ఎనిమిది పలికింది. చోట్లు మార్చుకున్నారు. ఎవరు చివర నిలబడితే వాళ్ళ ఎడం పక్క నుంచి, భుజం కంటే కిందనుంచి, పొట్టి మనిషి నోరు ఉండే ఎత్తునే వచ్చేదట ఆ మాట. వెలుగొచ్చాక చూస్తే మంచు పట్టిన గడ్డి మీద ఏడు జతల అడుగులే ఉండేవి. ఇవన్నీ నాకు మావయ్యగారు చెప్పినవే. నేను కళ్ళారా చూసింది మాత్రం ఒకటే. చూద్దామని ఒకరోజు నేను కంచె దాకా వెళ్ళాను. ఎనిమిది పలికిన క్షణాన ఏడుగురు పెద్దమనుషులూ మెడ తిప్పకుండా ఎదరకే చూస్తూ నిలబడ్డారు.

వారం తిరిగేసరికి ఇద్దరు రావడం మానేశారు. మా అత్తగారు గుమ్మంలో కర్పూరం వెలిగించి, "ఆ షెడ్డూ వద్దు, ఆ కసరత్తూ వద్దు. మానీండి" అన్నారు. "మానెస్తే నా బీపీ నీ కర్పూరానికి దిగుద్దేటి?" అని ఆయన మఫ్లరు చుట్టుకుని వెళ్ళిపోయారు. పైకలా అన్నారు గాని, ఆ మధ్యాహ్నం నన్ను పిలిచి ఇన్లాండు కవరు చేతికిచ్చారు. "చచ్చిపోయేడేమోనమ్మా," అన్నారు, గొంతు తగ్గించి. "బాగున్నావా అని మాత్రం రాయి. మిగతాది రాయకు."

పదిహేను రోజులకి బాబాయిగారి కూతురు జవాబు రాసింది. ఆయన బతికే ఉన్నారు. కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున్న మంచం మీంచి లేవబోయి పడిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. కాలూ చెయ్యీ రోజూ కదిలించమని డాక్టరు చెప్పినా, ఎవరు ముట్టుకున్నా మొహం గోడవైపు తిప్పేసుకుంటున్నారు. "రోజంతా మాటా పలుకూ లేదు. తెల్లవారుఝామున మాత్రం ఒక్కసారి స్పష్టంగా ఎనిమిది అంటున్నారు. ఎందుకంటున్నారో మాకు తెలియడం లేదు. అమ్మ ఎనిమిది దీపాలు పెట్టింది. ఎనిమిదో తేదీ వస్తే భయపడుతోంది. మీకేమైనా తెలుసా పెదనాన్నగారూ?" అని రాసింది. చనిపోయారని ఉన్నా నేనంత భయపడేదాన్ని కాదేమో. ఎక్కడో మంచంలో పడున్న మనిషి గొంతు, బండిలో ఒక రాత్రి దూరాన ఉన్న మా మైదానంలో నిలబడుతోంది.

మావయ్యగారు అప్పటికప్పుడు పెట్టె సర్దారు. ఒక్కరినీ పంపడం ఇష్టంలేక అత్తగారు నన్ను తోడిచ్చారు. పక్కనున్న దుర్గ్‌లో బండెక్కి మర్నాడు బొబ్బిలిలో దిగి, బస్సులో వాళ్ళ ఊరు చేరాం. వసారాలో నులకమంచం మీద బాబాయిగారు సగమయిపోయి ఉన్నారు. స్నేహితుణ్ణి చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని గోడవైపు తిరిగిపోయారు. మావయ్యగారు మర్నాడు చీకటి ఉండగానే ఖాకీ నిక్కరు, బనీను వేసుకుని మంచం పక్కన నిటారుగా నిలబడ్డారు. "ఒకటి" అంటూ బాబాయిగారి పడిపోయిన చెయ్యి పట్టి పైకెత్తి దించారు. "రెండు" అని మళ్ళీ ఎత్తారు. ఏడు అయింది. ఆగారు. లాంతరు వెలుగులో వంకరపోయిన ఆ పెదాలు కదిలాయి.

"ఎనివిదీ."

బాబాయిగారి కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్యగారు వంగి, "హాజరు వేసేన్రా. మరి లెగు," అన్నారు. "నువ్వక్కడికొచ్చి మమ్మల్ని దడిపిస్తన్నావు. ఇక్కడ మీవోళ్ళు నిన్ను కదపలేకపోతన్నారు. ఇదేటి పద్ధతి?" బాబాయిగారి గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. అది నవ్వు అని అర్థం కావడానికి మాకు కాస్త సమయం పట్టింది. ఆ రోజునుంచి పూటకి వందసార్లు చెయ్యి, వందసార్లు కాలు ఎత్తి దించడం మొదలైంది. ఎనిమిది వచ్చినప్పుడల్లా ఆ అంకె ఆయనదే.

పది రోజుల తరవాత మా ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మనిషి బతికే ఉన్నాడని తెలిశాక మానేసిన ఇద్దరూ మళ్ళీ వ్యాయామశాలకి వస్తున్నారట. "కాని నిన్న ఆరుగురూ లైన్లో నిలబడి ఎవరూ నోరు తెరవకముందే, వరస మొదట్లో నాన్న గొంతు 'ఒకటి' అని పలికిందిట. క్రేను మావయ్య నన్ను పిలిచి చెప్పేడు. నాన్న ఒంట్లో ఎలా ఉంది?" అని రాశారు. నేను ఆ ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుని, దొడ్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. మనిషి కంటే ముందు గొంతు వెళ్ళిపోవడం అంటే ఏమిటో ఎవర్నడగాలి? సాయంత్రం, "మనం ఇంటికెళ్ళిపోదాం మావయ్యగారూ" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. "నేనెల్తే ఈడు మళ్ళీ కూలబడిపోతాడమ్మా" అన్నారంతే. ఆ రోజునుంచి ప్రతి తెల్లవారుఝామునా ఆయన "ఒకటి" అనగానే ఆయన ఛాతీ కదులుతోందో లేదో చూసేదాన్ని. ఆ ఉత్తరం సంగతి ఆయనకి ఎన్నడూ చెప్పలేదు.

ఇంకో రెండు వారాలకి బాబాయిగారి కుడి బొటనవేలు కదిలింది. సంక్రాంతి వెళ్ళిన కొన్నాళ్ళకి ఇద్దరు మనుషుల ఆసరాతో లేచి నిలబడ్డారు. మేం తిరుగు ప్రయాణమయ్యాం. భిలాయి వచ్చిన మర్నాడు నేను కుళాయి కట్టేసి మరీ విన్నాను. ఏడు దగ్గర ఆగిపోయింది. అందరూ కాసేపు వేచి చూశారు. ఏమీ రాలేదు. అప్పటికి బాబాయిగారు కర్ర పట్టుకుని పెరటిదాకా నడుస్తున్నారనీ, మాట కూడా కూడదీసుకుని పలుకుతున్నారనీ తరవాతి వారం ఉత్తరం వచ్చింది.

ఆ తరవాత మూడేళ్ళలో ఆ ఏడుగురిలో ఇద్దరు పోయారు. క్రేను మావయ్య ఒక మధ్యాహ్నం నిద్రలో పోయాడు. ఆరో చోట నిలబడే ఆయన కామెర్లతో పోయారు. మిగిలినవాళ్ళు దగ్గరగా జరిగి, అయిదు దాకా లెక్కపెట్టుకునేవారు. మావయ్యగారి ఆయాసం పోయింది గాని లెక్క అయ్యాక వెంటనే షెడ్డులోకి వెళ్ళడం కూడా పోయింది. ఒక నిమిషం అక్కడే నిలబడేవారు.

ఎనభై మూడో, నాలుగో, చలికాలంలోనే, బొబ్బిలి బాబాయిగారు మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. దుర్గ్ స్టేషన్లో బండి దిగి కర్రతో, ఒక కాలు ఈడుస్తూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ప్లాట్‌ఫారమంతా నడిచారు. మర్నాడు అయిదున్నరకి మైదానంలో ఆరుగురు నిలబడ్డారు. నేను కంచె దగ్గర ఉన్నాను. మంచు మరీ దట్టంగా లేదు, అందరూ కనిపిస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. బాబాయిగారి వంతు వచ్చింది. ఆయన ఆరు అనాలి. అనలేదు. తనకీ అయిదో మనిషికీ మధ్య ఇద్దరు పట్టేంత జాగా వదిలి నిలబడ్డారని అప్పుడు చూశాను. ఎవరూ తొందరపెట్టలేదు. రెండు మాటలు పలకడానికి పట్టేంతసేపు ఆ మైదానంలో కాకి కూడా అరవలేదు. అప్పుడు ఆయన, కొంచెం మెలిపడిన నాలుకతో, "ఎనివిదీ" అన్నారు. అందరూ షెడ్డులోకి కదిలారు.

ఇంటికొచ్చాక మావయ్యగారు రాగిజావ తాగుతూ నావైపు చూడకుండానే, "ఆరూ, ఏడూ ఇద్దరూ పలికేరు. నువ్వు అక్కడే ఉన్నావు గదా, విన్నావా అమ్మా?" అన్నారు. ఆయన మొహంలో భయం లేదు. వినలేదంటానేమోనన్న బెంగ మాత్రం ఉంది. "విన్నాను మావయ్యగారూ" అన్నాను. ఆయన తల ఊపి జావ పూర్తి చేశారు. ఆ రోజు నేను అబద్ధమే చెప్పానని చాలా ఏళ్ళు నాకు బాగా గుర్తుండేది. నలభై ఏళ్ళు దాటిపోయిన ఇప్పుడు మాత్రం, నేను విన్నదేదో, విన్నానని చెప్పిందేదో విడదీసి చూసుకోవడం నా వల్ల కావడం లేదు.