పోగుతో కొలిచిన ధ్రువపు మంచు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, సాయంత్రం 7 గంటల 42 నిమిషాలు. సుల్తానాబాద్‌లో తన డాబా మీద అంబదాస్ దూరదర్శినికి కన్ను ఆనించి, మూడోసారి కొలిచి, పళ్లు కొరికాడు. అంగారకుడి ఉత్తర ధ్రువపు మంచు వెడల్పు మళ్లీ ఏడు పోగులే.

అతడు మరమగ్గాల మెకానిక్కు. బీఎస్సీ రెండో ఏట ఆగిపోయినా భౌతికశాస్త్రాన్ని వదల్లేదు. పాలిస్టర్ దారం నుంచి విడదీసిన ఒక్క పోగును అక్షికటకంలో బిగించి, దాని మందాన్నే కొలబద్దగా వాడుతున్నాడు. గ్రహబింబం వ్యాసాన్ని అచ్చు పట్టిక నుంచి తీసుకుని, మంచు అందులో ఎంత భాగమో ప్రతి మంగళవారం రాస్తున్నాడు. అక్కడ నవంబరులో వసంతం మొదలైంది. మంచు తగ్గుతూ రావాలి. పోయిన వారం 0.42. ఇవాళ 0.50. రేపు హైదరాబాద్ ఖగోళ బృందానికి ఈ అంకె పంపితే, ముందటి ఆరు కొలతలనూ ఎవరూ నమ్మరు.

పక్క షెడ్డు అదురు వల్లనేమోనని పిట్టగోడ మీంచి వంగాడు. "రాజన్నా, జర ఐదు నిమిషాలు మగ్గాలు బందు పెట్టే."

"పోయిన మంగళారం గిట్లనే అంటివి. నీ చుక్క కదలొద్దని నా మగ్గం ఎన్నొద్దులు ఆపాలెరా?" అంటూనే రాజయ్య ఆపాడు. మళ్లీ ఏడే.

తల్లి శంకరవ్వ చాయ్ తెచ్చింది. "గాడ మంచు కరిగితే మన బోర్ల నీళ్లొస్తయా, బిడ్డా?"

"గడ్డగట్టిన కార్బన్ డయాక్సైడ్ అవ్వా అది. కరగది, సీదా గాలైతది. ఎన్నిసార్లు చెప్పాలె?"

ఆ విసుగులోనే, ఇన్నాళ్లూ అనవసరమనుకున్న పని చేశాడు: బింబాన్ని కూడా పోగుతో కొలిచాడు. పద్దెనిమిది. పట్టిక ప్రకారం పద్నాలుగు పోగులు దాటకూడదు. గ్రహం ఉబ్బదు, పోగే సన్నబడి ఉండాలి.

"అవ్వా, గీ అద్దం ముట్టినవా?"

"మొన్న తుడిచిన. పోగు వదులుగ వేలాడుతుండె. చూసుకుంట ఊకుంటనా? సన్నంది, మంచిది ఏరి బిగించిన."

"నన్ను అడగొద్దా?"

"పోగు అతకనీకె గూడ నిన్ను అడగాల్నా? మగ్గం ఇంట్ల పుట్టినోనివి, నీకు గనవడలేదాయె."

పాత పోగు చీపురుతో పోయిందట. అంబదాస్ చాయ్ ముట్టలేదు. మంచు, బింబం రెండు కొలతలూ ఒకే పోగువైతే దాని మందంతో పనే లేదు; ఈ భాగహారం మొదటి వారమే చేసి ఉండవలసింది. 0.50ని కొట్టేసి, కారణం ఒక్క వాక్యంలో రాసి, ఏడును పద్దెనిమిదితో భాగించాడు.

0.39