ఆయన పెట్టని గాటు

మా ఊరి సెలూన్ అన్న పోయాడని మొన్న నాన్న ఫోన్ చేశాడు. గూడూరు నుంచి ఊరికి బస్సులో వస్తున్నంతసేపూ నేను ఆడిన అబద్ధమే గుర్తొచ్చింది. ఆయన బతికుండగా దాన్ని దిద్దుకోలేకపోయాను.

నాలుగేళ్ల కిందట మొటిమలకు డాక్టరు రాసిచ్చిన మాత్రలు వాడుతుండేవాణ్ణి. పెదాలు పగిలి, చెంపలు పొట్టు రాలుతుండేవి. రొయ్యల మేత కంపెనీలో ఇంటర్వ్యూ ఉందని గడ్డం గీయించుకోవడానికి వెళ్లాను. అన్న నా చెంప తాకి చూసి కత్తి పక్కన పెట్టేశాడు.

“మొటిమల మాత్రలు మింగతా ఉండావా? తోలు ఉల్లిపొర మాదిరి ఉండాది. కత్తి పెట్టను నాయనా. మిషన్‌తో పైపైన తీస్తా.”

బెంచీ మీదివాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి బస్టాండు దగ్గరి కొత్త షాపుకు పోయాను. అక్కడతను నున్నగా రావాలని వెంట్రుకకు ఎదురు గీశాడు. తోలు లేచిపోయింది. పైన పటిక రుద్దాడు. ఉద్యోగం మాత్రం వచ్చింది. ఇంటర్వ్యూలో నా మొహం ఎవరూ పట్టించుకోనేలేదు.

“ఎవుర్రా ఈ పని చేసింది?” అన్నాడు నాన్న, ఆ సాయంత్రం నా చెంప చూసి.

“సెలూన్ అన్నే. చెయ్యి వణకతా ఉండాది.”

నాన్న ఆ మాట టీ అంగడిలో అన్నాడు. నెల తిరక్కముందే అన్న బెంచీ ఖాళీ అయింది.

పుండు మానాక ఆయనే పిలిచి అద్దం ముందు నిలబెట్టాడు. ఆయన నేర్పింది మీలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. గోరువెచ్చని నీళ్లతో గడ్డం మెత్తబడనివ్వాలి. వాసన లేని జెల్, కొత్త బ్లేడు. వెంట్రుక వాలిన వైపే, ఒక్కసారే, మొటిమలను తప్పిస్తూ గీయాలి. పటికా, ఘాటు లోషనూ వద్దు. డాక్టరిచ్చిన క్రీము చాలు.

“మండితే ఆపెయ్. గడ్డం రేపైనా గీసుకోవచ్చు. తోలు యాడ తెస్తాం?”

చూపిస్తున్నంతసేపూ ఆయన చెయ్యి ఒక్కసారైనా వణకలేదు. నేను బయటికొస్తుంటే మాత్రం అన్నాడు: “నలభై ఏండ్లు కత్తి పట్టిన చెయ్యి. వణకతా ఉండాదంట.”

నేను చెప్పులేసుకుని మెట్లు దిగాను.

ఆ ఏడాదే అంగడి మూసేసి రొయ్యల షెడ్డులో ఐసు ఎత్తే పనికి చేరాడు. మొన్న అక్కడే గుండె ఆగిందట.

చావింటి షామియానా కింద నాన్నతో చెప్పాను. “ఆ రోజు గీసింది ఈయన కాదు నాన్నా.”

నాన్న నా వైపు తిరిగాడు. “ఇప్పుడా చెప్పేది?”

బల్ల మీద అన్న మొహాన పదిరోజుల తెల్లగడ్డం మాసి ఉంది. సముద్రపు గాలికి దండలోంచి ఒక చామంతి రేక ఎగిరి అందులో చిక్కుకుంది. ఎవరూ తీయలేదు.