నీళ్లడిగిన అమ్మోరు

కోటబొమ్మాళిలో మా అత్తవారిది కిరాణా కొట్టు. ఊళ్లో ఆ ఇంటికున్న పేరు మాత్రం కొట్టు వల్ల వచ్చింది కాదు, మా అత్తగారి వల్ల వచ్చింది. గ్రామదేవత సంబరంలో ఘటాలు బయలుదేరే వేళకి ఆవిడ మీదకు అమ్మవారు వచ్చేది. కూరలో ఉప్పెక్కువైతే ఇంతెత్తున లేచే మా మామగారు కూడా ఆ పూట ఆవిడ కాళ్లకు దండం పెట్టేవారు. వానల గురించీ పిల్లల పెళ్లిళ్ల గురించీ జనం అడిగేవారు, ఆవిడ ఏదో ఒకటి చెప్పేది. బొబ్బిలి నుంచి వచ్చిన కోడలిని నేను. ఇదంతా నవ్వాపుకుంటూ చూసేదాన్ని.

రెండు వేల పద్నాలుగు ప్రాంతంలో ఒక సంబరంలో, ఆవిడ పక్కన నిలబడి ఉండగా నాకే వచ్చింది. ముందు గుండె దడదడలాడింది. తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు, ఒళ్లంతా వణుకు. చచ్చిపోతున్నాను అనుకున్నాను. మా పాప అప్పటికింకా తప్పటడుగులు వేస్తోంది.

"ఓలమ్మో, కోడలికీ వచ్చినాదే!" అని ఎవరో కేక పెట్టారు. అంతే, డప్పులు నా చుట్టూ చేరాయి. గాలాడక చస్తుంటే ముక్కు కింద సాంబ్రాణి పొగ పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు!

"తల్లీ, ఏటి కావాలమ్మా నీకు?"

"నీళ్లు" అన్నాను ఎలాగో.

"అమ్మోరు నీళ్లడుగుతన్నాది!" అని బిందెడు పసుపు నీళ్లు నా నెత్తిన కుమ్మరించారు. నోట్లో ఒక్క చుక్క పోసినవాళ్లు లేరు. కాసేపటికి దానంతటదే తగ్గింది. కళ్లు తెరిచేసరికి మా మామగారు నాకు దండం పెడుతున్నారు.

కొన్ని వారాల తర్వాత కొట్లో కందిపప్పు పొట్లం కడుతుండగా మళ్లీ అదే వచ్చింది. డప్పుల్లేవు, ఘటాల్లేవు, పక్కన ఎండుమిరపకాయల బస్తా తప్ప ఏమీ లేదు. మా ఆయన భయపడి నన్ను శ్రీకాకుళం తీసుకెళ్లారు. అత్తగారు కూడా బయలుదేరింది. అక్కడి డాక్టరు మొదట ఈసీజీ తీయించి, రక్త పరీక్షలు చేయించి, గుండెకేమీ లేదని తేల్చుకున్నాకే అసలు మాట చెప్పారు.

"దీన్ని పానిక్ ఎటాక్ అంటారమ్మా. ఎదురుగా ప్రమాదం లేకపోయినా ఒళ్లు ప్రమాదం వచ్చిందనుకుంటుంది. పారిపోవడానికి సిద్ధమైపోతుంది. గుండె పరిగెడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, దాంతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చచ్చిపోతానని గట్టిగా అనిపిస్తుంది. కానీ దీనివల్ల ప్రాణం పోదు. వచ్చినప్పుడు దానితో పోట్లాడకండి. ఊపిరి మెల్లగా బయటికి వదులుతూ కూర్చోండి. తరచూ వస్తుంటే దీనికి వైద్యం ఉంది."

నేను నోరు తెరుచుకుని విన్నాను. కందిపప్పు పొట్లం ముందు కూర్చున్న మనిషిని కాపాడడానికి ఒళ్లు ఇంత యుద్ధానికి దిగిందా! నా ఒంటి మీద నాకే భక్తి లాంటిది కలిగింది. అప్పుడు వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"డాక్టరు బావూ, మరి నాకూ ఇలాగే వచ్చీది. సంబరంలో, జనంలో నిలబడితే."

డాక్టరు తొందరపడలేదు. "మీది ఏమిటో ఇప్పుడే చెప్పలేనమ్మా. మీకెలా ఉండేదో చెప్పండి" అన్నారు. ఆవిడ చెప్పింది. గుండె దడ, తిమ్మిర్లు, అన్నీ నావే.

తిరుగు బస్సులో అత్తగారు నా పక్కన కూర్చుంది. బస్సు కదిలాక మెల్లగా అడిగింది. "అమ్మీ, ఆ రోజు నీకేటి భయమేసినాది?"

"చచ్చిపోతాననత్తా. పిల్లేమైపోతుందో అని."

"నాకూ మొదటిసారి అదే. నీ మొగుడప్పుడు పాలు తాగీ పిల్లడు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవలడిగారే? వాన ఎప్పుడు పడతాదని అడిగారు గాని."

ఇన్నేళ్లూ ఊరంతా ఆవిడ చుట్టూ చేరింది, ఆవిడ మాత్రం ఆ భయంతో ఒక్కతే ఉండిపోయింది. పైగా ఆ వణుకులోనే అందరికీ ధైర్యం చెప్పింది. అందరి పూనకాలూ ఇదేనని నేననను, అది నాకు తెలియదు. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి నా కళ్లకి వేరే మనిషిలా కనబడింది.

మరుసటి సంబరంలో ఘటాలు బయలుదేరగానే ఆవిడకు వణుకు మొదలైంది. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లి, సాంబ్రాణి పళ్లెం పక్కకు నెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, మెల్లగా వదులు. నేనున్నాను" అన్నాను. ఊపిరి కొంచెం కొంచెంగా నెమ్మదించింది. ఈలోగా ఒకామె వంగి, "తల్లీ, ఈ ఏడు వానలు పడతాయా?" అని అడిగింది.

అత్తగారు కళ్లు తెరిచి ఆమెను చూసింది.

"నాకేటి తెలుసే! భయమేస్తన్నాది నాకు. ముందు తాగడానికి కాసిన్ని నీళ్లియ్యండి."

డప్పులాగిపోయాయి. ఎవరో పరుగున చెంబుతో నీళ్లు తెచ్చారు. ఆవిడ గటగటా తాగింది. జనం అప్పుడూ దండమే పెట్టారు. ఈసారి నేనూ పెట్టాను.