నాలుగుకీ ఐదుకీ మధ్య మా అమ్మ

అమ్మ గొంతు దొరికిందండోయ్! మా అమ్మ గొంతు... నలభై ఏళ్ల పైమాట... నిన్న ఈ చెవులతో విన్నాను! ఆ ఊపులోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా చిన్నప్పుడు... వినుకొండలో మా నాయనకి మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లకి, తిరునాళ్లకి, ఉరుసులకి అద్దెకిచ్చేవాడు. ఆంప్లిఫైయర్ బాగుచేసిన ప్రతిసారీ దానికో పరీక్ష. నాయన ఇంటి కప్పు మీద బూరలు కట్టి, వసారాలో మైకు ముందు కూర్చుని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేవాడు. నేను సైకిలేసుకుని ఊరి బయట మైలురాయి దగ్గర నిలబడాలి. పది అంకెలూ వినపడితే సెట్టు పాసు. ఒక్కటి తగ్గినా ఫెయిలు... మళ్లీ విప్పుడే!

ఒకరోజు నాలుగు దాకా ఖంగుమని వినపడింది. ఐదు లేదు. ఆరు లేదు. ఎంత చెవులు రిక్కించినా లేదు. తొక్కుకుంటూ వచ్చి, "దండగ సెట్టు నాయనా, నాలుగు కాడే చచ్చింది" అన్నాను.

నాయన కోప్పడలేదు. సెట్టు విప్పలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఎందుకో నాకు అంతుబట్టలేదు.

దానికి కాస్త ముందే టేపు రికార్డరు కొన్నాడు. అదెట్టా పనిచేస్తుందో చూద్దామని, ఆ రోజు మైకు పక్కనే పెట్టి ఆ లెక్కంతా దాన్లో పట్టాడు. ఆ క్యాసెట్టు నా దగ్గరే ఉండిపోయింది. నాయన పోయాక, ఆయన మీదకి మనసు మళ్లినప్పుడల్లా పెట్టుకునేవాణ్ణి. నా డొక్కు టేపులో నాలుగు దాకా నాయన... ఆ తర్వాత బుసబుస.

ఆ ఏడే అమ్మ పోయింది. ఒక్క ఫోటో ఉంది... గొంతు మాత్రం ఎక్కడా లేదు. మైకు చూస్తే చాలు, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయే మనిషి. మా తమ్ముడు బాజీ అప్పటికి ఉయ్యాల్లో పిల్లాడు. పెద్దయ్యాక, "అమ్మ గొంతు ఎట్టుండేదన్నా?" అని ఎన్నిసార్లడిగాడో. "చానా బాగుండేది రా" అనేవాణ్ణి. ఇంకేం చెప్పను... నిజం చెప్పాలంటే నాకే మరుపుకొచ్చింది.

ఇప్పుడు మా అమ్మాయి రేష్మాది చిత్రమైన ఉద్యోగం. ఖరీదైన ఆంప్లిఫైయర్లు పంపిస్తారు. ఇంట్లో పెట్టుకుని వారం రోజులు విని, మంచీచెడ్డా రాయాలి. నరసరావుపేటలో మా ముందుగదే ఆమె ఆఫీసు. మొన్నొచ్చిన పెట్టె ఇద్దరు పడితే గానీ కదల్లేదు. ధర విని నేను మంచం మీద కూలబడ్డాను.

నేను చేసిన పని వినండి... సౌండు నిండా పెట్టమని చెప్పి, చెప్పులేసుకుని బజారు చివర నిలబడ్డాను! మరి పరీక్షంటే అదే కదా మాకు!

ఎదురింటి మస్తానమ్మ పడీ పడీ నవ్వింది. "ఏంది బావా, పాట ఇంట్లో పెట్టి నువ్వు బజార్న పడ్డావు? వినేది మేమా?"

రేష్మా పరుగెత్తుకొచ్చింది. "నాయనా! పరువు తీయమాక, లోపలికి రా!"

"ఇక్కడికి సరిగ్గా రాలేదమ్మాయ్. దమ్ము తక్కువ."

"అది ఊరికి వినిపించేది కాదు. కుర్చీలో కూర్చున్న మనిషికి వినిపించేది."

రెండు స్పీకర్లకీ సరిసమానంగా కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కదలొద్దంది. సౌండు బాగా తగ్గించింది. ఇంత తగ్గిస్తే ఏం వినపడుతుందని నాకు అనుమానం.

"నీకు బాగా తెలిసిన గొంతు ఏదన్నా ఉందా? తెలిసిన గొంతైతేనే సెట్టు నిజం చెప్తందో లేదో తెలుస్తది" అంది.

ఇంకెవరి గొంతు? బీరువాలోంచి నాయన క్యాసెట్టు తెచ్చిచ్చాను. క్యాసెట్లు తిప్పే పాత డెక్కు తుడిచి, కొత్త పెట్టెకి కలిపి, దాన్లో పెట్టింది.

ఒకటి... బాబోయ్! నాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడండీ! గొంతు సవరించుకోవడం, గుటక మింగడం... అన్నీ! రెండు... మూడు... నాలుగు...

గాజుల చప్పుడు. ఉయ్యాల గొలుసు కిర్రుమంది. పసిపిల్లాడి మూలుగు. వెనక నుంచి ఒక ఆడగొంతు...

"మెల్లగయ్యా... బాజీ ఇప్పుడే పండుకున్నాడు."

తర్వాత నాయన, గుసగుసగా... "ఐదు... ఆరు... ఏడు..."

కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలియదు. "వెనక్కి తిప్పు! తిప్పు!" అని అరిచాను.

"ఎవరు నాయనా ఆమె?"

"మీ నాయనమ్మే తల్లీ..."

సెట్టు ఆరోజు ఫెయిలు కాలేదండీ! పిల్లాడు లేస్తాడని నాయనే గొంతు తగ్గించాడు... మెల్లగా పది దాకా లెక్కపెట్టాడు కూడా.

అప్పట్లో ఎంత దూరం వినపడితే అంత గొప్ప. మైలు దూరాన నిలబడి పాసూ ఫెయిలూ చెప్పిన నాకు, మైకు వెనకే నిలబడ్డ అమ్మ ఇన్నేళ్లూ వినపడలేదు... మీ ఇళ్లలో పాత క్యాసెట్లుంటే పారేయకండి. సౌండు తగ్గించి, దగ్గర కూర్చుని వినండి. ఎవరు దొరికారో నాకూ రాయండి.

సోమవారం ఈ పెట్టె వెనక్కి పోతుంది. ఫోన్లో వినిపిద్దామంటే బుసబుస తప్ప ఏమీ పోవడం లేదు. అందుకని ఈలోపు కబురు చెప్పి పిలవాల్సినవాళ్లు...

నూజెండ్లలో నాగూరమ్మక్క. శావల్యాపురంలో సైదులు మామ... అమ్మకి సొంత తమ్ముడు, చెవులు మందం, స్పీకర్ పక్కనే కూర్చోబెట్టాలి. మాచర్లలో మీరాబీ పిన్ని... అమ్మ ఫోటో చూస్తేనే ఏడుస్తుంది, మంచినీళ్లు దగ్గర పెట్టుకోవాలి. "మీ అమ్మ మీ నాయన్ని పల్లెత్తు మాట అనలేదురా" అనే మేనత్త.

ఇక బాజీ. వాడికి ఎవరూ చెప్పమాకండి. కొత్త సెట్టొచ్చింది, చూద్దువు రారా అని మాత్రం పిలిచాను. ఆదివారం వస్తానన్నాడు. ఆ కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు దాకా ఊపిరి బిగబట్టుకుంటాను...

ఆ తర్వాత వాడి పేరు అమ్మే చెబుతుంది.