సీరియల్ అమ్మ గొంతు

ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో నేను సీరియల్ అమ్మలకు డబ్బింగ్ చెబుతాను. సెలవుల్లో మా ఏడేళ్ల కీర్తన కూడా నాతో వచ్చి కూర్చుంటుంది. కిందటేడు తనకు కోపమొస్తే చేతికందిందల్లా విసిరికొట్టేది. స్కూల్ వాళ్ల సలహాతో, అలాంటి పిల్లల తల్లిదండ్రులకు నడిపే ఆన్‌లైన్ క్లాసులో చేరాను.

ఓ ఆదివారం, పిల్లలతో ఎలా మాట్లాడాలో అందరూ చూసేలా చేసి చూపించమన్నారు క్లాసు చెప్పే మేడమ్. నా వంతు వచ్చేసరికి కీర్తన స్టీలు గ్లాసు గోడకేసి కొట్టింది. నేను కసురుకోకుండా, నేర్పినట్టే, "కోపమొచ్చిందా బంగారం? అమ్మ ఇక్కడే ఉంది" అన్నాను.

"చాలా బాగా చెప్పారండీ" అన్నారు మేడమ్. తెరమీద మిగతా తల్లులు చప్పట్లు కొట్టారు.

కీర్తన రెండు చెవులూ మూసుకుంది. "అది టీవీలో అమ్మ గొంతు. నాకొద్దు. నీ గొంతుతో తిట్టు" అంది.

చప్పట్లు ఆగిపోయాయి. నాకు అందరి ముందే ఏడుపొచ్చేసింది. కీర్తన దగ్గరికొచ్చి నా మొహంలోకి తేరిపార చూసింది.

"అమ్మా, ఇది నిజం ఏడుపేనా?"

అవునని తలూపాను. తను నమ్మిందో లేదో నాకిప్పటికీ తెలియదు.