రేకులు మోయడానికి వెళ్లి మామిడికాయలు కోసిన సంగతి

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులు కూడా చాలానే దొర్లుతాయి. చదివేవాళ్లు మన్నించాలి. ఎస్టేటు బడిలో అయిదో తరగతితో నా చదువు ఆగింది. ఆ తర్వాత ఈ చేతికి రబ్బరు గీసే కత్తే అలవాటు. అయినా వచ్చే వేసవికి నూజివీడు వైపు వెళ్లాలనుకునేవాళ్లు మన మలేషియా తెలుగు క్రైస్తవ సంఘాల్లో కొందరున్నారనీ, వెళ్లొచ్చినవాళ్లలో ఒకరు దారీ తెన్నూ రాసిపెడితే బాగుంటుందనీ పాస్టరు గారు అన్నారు. మాతో వచ్చిన రత్నం మాస్టారు రాస్తే చక్కగా ఉండేది. ఆయనకు బడి తెరిచారు, తీరిక లేదు. అందుకని నేను రాస్తున్నాను.

ఆగిరిపల్లికీ నూజివీడుకీ మధ్య, రోడ్డుకు లోపలగా, మామిడితోటల వెనక కూలిజనం ఉండే చిన్న పేట ఒకటుంది. అక్కడి సంఘ కాపరి ఆనందయ్య గారు మనవాళ్లకు కబురు పంపారు. ప్రార్థన మందిరానికి పేటవాళ్లే మట్టిగోడలు లేపి దూలాలు ఎక్కించుకున్నారు, పైన కప్పు లేదు. కిందటేడు కూడా అలాగే లేపితే తొలకరికి కరిగి కూలిపోయాయి. ఈసారీ కూలితే మూడోసారి మట్టి తొక్కమని అడిగే మొహం తనకు లేదన్నారు. ఆ గది ఆదివారం మందిరం. మిగతా రోజుల్లో తోటపనికి పోయే తల్లులు, ఏ దేవుణ్ణి మొక్కేవాళ్లయినా, పిల్లల్ని వదిలివెళ్లే చోటు. రేకుల ఖర్చు మన సంఘం పెట్టుకుంది. చేతులు కూడా కావాలన్నారు. నలుగురు బయల్దేరాలి. నాలుగో మనిషికి కాలు విరిగింది. పాస్టరు గారు నా వైపు చూశారు. "నాకు నలుగురిలో మాట్లాడటం రాదండీ" అన్నాను. "మాట్లాడక్కర్లేదు అప్పన్నా, మోస్తే చాలు" అన్నారు. సరే అన్నాను.

ఎనభై మూడు మే నెలలో పినాంగులో ఓడ ఎక్కాం. రత్నం మాస్టారు పెద్ద, ఆయన వెంట ఇద్దరు కుర్రవాళ్లు, నేను. మద్రాసుకు వారం పడుతుంది. కింది తరగతిలో ఉక్క ఎక్కువ, పైకెళ్లి పడుకోవడం నయం. మద్రాసులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెజవాడ. స్టేషను నుంచి బస్టాండుకు రిక్షా రెండు రూపాయలన్నాడు, ఒకటిన్నరకు వచ్చాడు. నూజివీడు బస్సు గంటకోటి ఉంటుంది, మనిషికి అయిదు రూపాయల లోపే. బస్సంతా కొత్తగా ఇస్తున్న కిలో రెండు రూపాయల బియ్యం గురించే మాటలు. కండక్టరు మా మాట విని ఆగాడు.

"ఏ ఊరండీ మీది? శ్రీకాకుళం వైపా?"

"మా నాన్నది అటే. మేం మలేషియా."

"మలేషియాలో తెలుగుందా?"

"ఉందండీ. కొద్దిగా."

"అయితే చిల్లర మాత్రం ఇక్కడిదివ్వండి" అని నవ్వి టిక్కెట్లు కొట్టాడు.

మేం దిగాల్సిన చోటు దారిలోనే తగిలింది గానీ, రేకులు నూజివీడులో కొనాలి కాబట్టి అక్కడిదాకా పోయాం. ఆనందయ్య గారు మమ్మల్ని అక్కడే కలిశారు. సన్నటి మనిషి, చెమటకు చొక్కా వీపుకంటుకుని ఉంది. సిమెంటు రేకులు లారీకెత్తించి వెనక్కి వచ్చాం. రోడ్డు దిగాక పేటకు దారి శేషగిరిరావు గారి తోటలోంచే. తోట మొదట్లోనే డ్రైవరు లారీ ఆపేశాడు. కొమ్మలు కాయ బరువుకు నేలకు ఒంగి, కర్రల ఊతం మీద నిలబడి ఉన్నాయి.

"ఇక లోపలికి పోదండీ. ఒక్క కాయ రాలినా రావుగారు నన్నే కొమ్మకు కడతారు" అన్నాడు.

రావుగారు మోటారు షెడ్డు దగ్గర నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఆనందయ్య గారు వెళ్లి అడిగారు. "నాకు అడ్డేం లేదయ్యా. పదిహేను రోజులాగండి. కాయ దిగాక లారీ మీ గుమ్మం దాకా తోలుకోండి" అన్నారాయన.

"రోహిణి కార్తె అయిపోవస్తోందండీ. మృగశిర వచ్చిందంటే గోడలాగవు."

"అయితే మోసుకుపోండి. నడిచే మనిషిని నేనెందుకు ఆపుతాను?"

రేకులు తోట గేటు దగ్గర దింపి, మేం పేటలోకి నడిచాం. విదేశాల నుంచి వస్తున్నారంటే తెల్లదొరలనుకున్నారు కాబోలు, పిల్లా పెద్దా దారికి అటూ ఇటూ నిలబడి ఉన్నారు. మమ్మల్ని దాటి వెనక్కి చూస్తున్నారు. కాయకోత ముఠాకు మేస్త్రీ వెంకాయమ్మ అని ఒకామె, నుదుట రూపాయంత బొట్టు, నడుముకు బిగించిన కొంగు, ముందుకొచ్చింది.

"దొరలేరయ్యా ఆనందయ్యా?"

"వీళ్లేనమ్మా."

"వీళ్లేంటి, మనలాగే ఉన్నారు! ఈ పెద్దాయన మా చిన్నమామ కన్నా నలుపు!" అంటూ నన్ను చూపించింది. అందరూ గొల్లున నవ్వారు. నా పేరడిగింది. చెప్పాను. "ఓరి నాయనో, పేరు చూస్తే సింహాద్రి అప్పన్న, వచ్చింది చర్చి కప్పడానికా!"

"మా తాత పెట్టిన పేరమ్మా. మార్చుకోలేదు" అన్నాను. ఆనందయ్య గారి భార్య సుగుణమ్మ గారు పాపం మాకోసం నూజివీడు నుంచి బ్రెడ్డు తెప్పించి, ఎవరింట్లోనో ముళ్లచెంచాలు అడిగి తెచ్చారు. నేను అన్నం ఉందా అని మెల్లగా అడిగితే, "హమ్మయ్య!" అని కొత్తావకాయ జాడీ దింపారు. సాయంత్రం మైకు నా చేతికిచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. "రబ్బరు చెట్లు గీస్తానండీ. మీ గోడలు తడవకుండా చెయ్యడానికి వచ్చాం" అని కూర్చున్నాను.

రెండు రోజులు మేం నలుగురమే రేకులు మోశాం. ఒక్కో రేకుకు ఇద్దరు కావాలి. కొమ్మల కింద ఒంగి నడవాలి. తగిలితే పగులుతుంది. మూడు పగలగొట్టాం. ఒక కుర్రాడికి ఎండదెబ్బ తగిలి పడుకున్నాడు. పావు వంతు కూడా చేరలేదు, దూలాల మీద ఒక్కటీ ఎక్కలేదు. రత్నం మాస్టారు వెంకాయమ్మ దగ్గరికి వెళ్లి, కూలి ఎక్కువ ఇస్తాం, ముఠాను రేకుల పనికి పంపమని అడిగారు. ఆమె మొహం మాడిపోయింది.

"రావుగారికి మాటిచ్చి కోతకు దిగామండీ. మీరు రూపాయెక్కువిస్తే నడిమిట్లో వదిలేస్తామా? రేపు మీ పనీ అలాగే వదిలేస్తాంగా!" వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "బదులొస్తే చెప్పండి" అంది.

బదులంటే ఏంటని అడిగాను. మీరు మా పనికొస్తే మేం మీ పనికొస్తాం, మధ్యలో డబ్బుండదు అని చెప్పింది. మేం నలుగురం ఆరు రోజులు ముఠాలో కాయ కోస్తే, దానికి బదులుగా ముఠాలో ఉన్న ముప్పైమందీ కలిసి ఒక్కరోజు మందిరం మీద పడి కప్పు వేసేస్తారు. రావుగారి దగ్గర ఆ ఒక్కరోజు సెలవు ఆమే అడుగుతుంది.

ఆ సాయంత్రం రత్నం మాస్టారికి అన్నం సహించలేదు. "వానలు నెత్తి మీదున్నాయి. మనం దేవుని పనికొచ్చామా, రావుగారి కాయలు కొయ్యడానికొచ్చామా? ఆరు రోజులు చేశాక వాళ్లు రాకపోతే మన సంఘానికి ఏం చెప్పాలి?" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. మనవల్ల కాలేదన్నది మాత్రం కనిపిస్తూనే ఉంది. "నేను పొద్దున్నే వెళ్తాను మాస్టారూ" అన్నాను. పొద్దున్న నేను తలగుడ్డ చుట్టుకునేసరికి ఆయన కూడా చుట్టుకుంటున్నారు. ఎండదెబ్బ తగిలిన కుర్రాడు గంపల్లో గడ్డి పరిచే పనికి నీడన కూర్చున్నాడు.

గడ కర్రకు వల కట్టిన చిక్కంతో కాయను కిందికి దించి, తొడిమ విరిచి, సొన కారనిచ్చి గంపలో పెట్టాలి. నాకు పాలు కారే చెట్టంటే చిన్నప్పటి నుంచీ చుట్టమే. రబ్బరు పాలు చేతులకంటుకుంటే తుడుచుకుంటాం, అంతే. అదే ధైర్యంతో కాయను మొహం దగ్గర పెట్టుకుని తొడిమ విరిచాను. సొన చివ్వున చెంప మీద పడింది. పంచెతో తుడుచుకుని పని చేసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి చెంప కాలినట్టు పొక్కింది, కన్ను మూసుకుపోయింది.

"అయ్యో బాబాయ్! సొన మొహానికి పూసుకున్నావేంటి, గంధమనుకున్నావా?" అని వెంకాయమ్మ కేకేసింది. ఎవరో నీళ్లు పోశారు, ఎవరో వెన్న తెచ్చి రాశారు. ఆడవాళ్లందరూ ఒక్కొక్కరూ వచ్చి చూసి నవ్విపోయారు. ఆనాటి నుంచి నన్ను దొరగారని ఎవరూ అనలేదు. బాబాయ్ అనే పిలిచారు. వాళ్ల అన్నం మూటల్లోంచి నాకూ ఒక ముద్ద పెట్టేవారు.

నాలుగు రోజులు అలా గడిచాయి. అయిదో రోజు తెల్లారేసరికి పడమట నల్లగా మేఘం లేచింది. గాలి తిరిగింది. రావుగారు పైపంచె ఎగురుతుంటే తోటలోకి పరుగున వచ్చారు. "సాయంత్రానికి గాలివానొచ్చేట్టుంది. ఒక్కరూ కదలొద్దు, దొరికినంత కాయ దించెయ్యండి!" అన్నారు. రత్నం మాస్టారు నా వైపు చూశారు. నేను మందిరం వైపు చూశాను. రేకుల్లో ముప్పాతిక వంతు ఇంకా గేటు దగ్గరే ఉన్నాయి.

వెంకాయమ్మ గడ కర్ర చెట్టుకానించి రావుగారికి ఎదురెళ్లింది. "అయ్యా, వీళ్లకు మేం బదులున్నాం. మా గోడలు ఈ వానకాగవు."

"గడువు ఇంకా రెండు రోజులుందన్నావు గదే!"

"మేఘానికి మా గడువేం తెలుసు బాబూ? మీరొద్దంటే మీ మాట దాటం. కానీ అక్కడుండేది మా పిల్లలు."

చెట్ల నిండా రావుగారి ఏడాది కష్టం వేలాడుతోంది. కొమ్మల వంక చూశారు, మేఘం వంక చూశారు. చివరికి విసుగ్గా చెయ్యి విసిరారు. "పోండి పోండి. రాలిన కాయ ముక్కలు కోసి ఊరేసుకోవచ్చు. కూలిన గోడను ఏం చేసుకుంటాం?" అని, షెడ్డు దగ్గరున్న తన పాలేళ్లను కూడా మాతో పంపారు.

గేటు నుంచి మందిరం దాకా మనుషులు బారులు తీరారు. రేకు చేతుల మీదుగా కొమ్మల కిందనుంచి పడవలా జారుకుంటూ పోయింది. "బాబాయ్, తల!" "ఒరే, వదినె కాలు తొక్కకురా!" "మాస్టారూ, పాఠం తర్వాత చెబుదురుగానీ పట్టండి!" అని ఒకటే అరుపులు. రత్నం మాస్టారు దూలాల మీద కూర్చుని కొక్కేలు బిగించారు. నేను కింద నుంచి అందించాను. ఆఖరి వరుస పడుతుండగా చినుకు మొదలైంది. రెండు వాలుల రేకులూ కలిసేచోట కప్పే నడిమి మూతలు పెట్టనే లేదు, గాలి ఈడ్చి కొట్టింది. అందరం లోపలికి దూరాం. రేకుల మీద వాన మోతకు పక్కవాడి మాట వినపడటం లేదు. పైనుంచి గీతలా నీళ్లు కారి మధ్యలో ఒక చారిక కట్టింది. గోడలు మాత్రం పొడిగా ఉన్నాయి. ఆనందయ్య గారు గోడను అరచేత్తో తడుముతూ నిలబడ్డారు. ప్రార్థన చెయ్యమని ఎవరో అంటే, గోడ మీంచి చెయ్యి తియ్యకుండానే కళ్లు మూసుకున్నారు. వెంకాయమ్మ చంటిపిల్లను భుజానేసుకుని, "ఇది అప్పన్న గుడే, సందేహం లేదు" అంది.

తెల్లవారి చూస్తే తోటంతా పచ్చగా కాయ పరుచుకుని ఉంది. ఎవరూ చెప్పకుండానే మేం నలుగురం గంపలందుకున్నాం. రోజంతా ఏరాం. మధ్యాహ్నం రావుగారు అందరికీ మజ్జిగ పంపించారు. మర్నాడే మా రైలు. నడిమి మూతలు తాము వేసుకుంటామన్నారు ఆనందయ్య గారు. బస్సు దగ్గరికి సాగనంపడానికి వెంకాయమ్మ కూడా వచ్చింది.

"ఆరు రోజులన్నారు. కాయలేరిన రోజుతో కలిపి అయిదయ్యాయి. ఒక రోజు మీరే బాకీ బాబాయ్" అంది.

"నాకు వయసు మీదపడిందమ్మా. మళ్లీ సముద్రం దాటతానో లేదో."

"నువ్వే రానక్కర్లా. బదులు మనిషిది కాదు, ఇంటిది. మీ ఇంట్లోంచి ఎవరొచ్చినా సరే. ఎగ్గొట్టారో, ఊరంతా చెబుతా!"

అయ్యలారా, అమ్మలారా, ఆ ఊళ్లో వాళ్లకు సాయం చెయ్యాలని వెళ్లాం. వాళ్లు ఊరికే తీసుకునే మనుషులు కారు. మనకూ వాళ్లకూ మధ్య ఏదో ఒకటి మిగిలి ఉండేలా చూసుకుంటారు. ఇచ్చేసి చేతులు దులుపుకుని వచ్చి ఉంటే ఈపాటికి ఆ ఊరు నా మనసులో పాతబడిపోయేది. ఇప్పుడు పొద్దున్నే రబ్బరు గీయడానికి పోతున్నప్పుడు కూడా, అక్కడ ఒక రోజు పని ఉండిపోయిందన్న ఆలోచన నాకు హాయిగా ఉంటోంది. మన సంఘం అంతా ఒక ఇల్లే గదా అని నేను ఒప్పుకుని వచ్చాను. తప్పయితే చెప్పండి.

వెళ్లేవాళ్లకు ఒక్క సంగతి. మే మొదట్లోనే చేరుకోండి, తిరుగు టిక్కెట్టు మాత్రం మృగశిర దాటాక పెట్టుకోండి. అక్కడ పని వానను బట్టి నడుస్తుంది, ఓడను బట్టి కాదు.

ఆ ఒక్కరోజు ఎవరు చేసి వస్తారో త్వరగా రాయండి. వెంకాయమ్మకు నేను కబురు పంపాలి.

మీ
అప్పన్న